కత్తి దొరికితే కేసు తేలినట్టేనా?

దినపత్రికల జిల్లా పేజీల్లో తరచూ కనిపించే ఫొటో ఒకటుంది. బల్ల మీద ఒక కత్తి, పక్కన రెండు సెల్‌ఫోన్లు, వెనక ముసుగులు వేసి నిలబెట్టిన ఇద్దరు ముగ్గురు మనుషులు. నిందితులు నేరం అంగీకరించారనీ, హత్యకు వాడిన కత్తిని స్వాధీనం చేసుకున్నామనీ కింద రాసి ఉంటుంది. కొన్నేళ్ల తర్వాత అదే కేసు కోర్టులో వీగిపోయిందన్న వార్త లోపలి పేజీలో ఏ మూలనో వస్తుంది. శ్రీకాకుళం ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర టీ తాగుతూ ఆ వార్త చదివిన మనిషి అనే మాట దాదాపు ఒక్కటే ఉంటుంది: "ఒప్పుకున్నాడు, కత్తి కూడా దొరికింది, అయినా వదిలేశారంటే డబ్బు చేతులు మారింది."

డబ్బు చేతులు మారిన కేసులు ఉండవని నేను అనను. అయితే రెవెన్యూ ఉద్యోగిగా ఈ జిల్లాలో పంచనామాల మీద సంతకాలు చేసి, కొన్నిసార్లు సాక్షిబోనులో నిలబడ్డవాణ్ని కనుక, కేసు కూలిపోయేది చాలాసార్లు అంతకంటే చిన్నచోట అని నాకు తెలుసు. కోర్టుకు కత్తి ఒక్కటే చాలదు. అది ఎక్కడ దొరికింది, ఎవరి మాట వల్ల దొరికింది, దొరికినప్పుడు ఎవరు చూశారు, అక్కడి నుంచి న్యాయమూర్తి బల్ల మీదకు వచ్చేదాకా ఎవరెవరి చేతుల్లో ఉంది అన్న లెక్క మొత్తం కావాలి. ఆ లెక్క తప్పితే ఎంత రక్తం అంటిన కత్తి అయినా వట్టి ఇనుప ముక్కగా మిగిలిపోతుంది.

ముందుగా ఆ "ఒప్పుకున్నాడు" అన్న మాట సంగతి చూద్దాం. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని మన చట్టం ముద్దాయి మీద సాక్ష్యంగా రుజువు చేయనివ్వదు. పోలీసుల అదుపులో ఉండగా ఇంకెవరి ముందు చేసినా, మేజిస్ట్రేటు సమక్షంలో తప్ప, అది చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లుగా ఉన్న ఈ నియమమే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షనుగా కొనసాగుతోంది. నేరస్థులకు వెసులుబాటు ఇవ్వడానికి పెట్టిన నియమమని చాలామంది అనుకుంటారు గాని, దీని వెనక మన ప్రాంతపు చరిత్ర ఉంది. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, పన్ను వసూళ్లలోనూ పోలీసు విచారణలలోనూ జరుగుతున్న చిత్రహింసల మీద వేసిన కమిషను 1855లో నివేదిక ఇచ్చింది. కొట్టి చెప్పించిన మాటను కోర్టు తీసుకుంటున్నంతకాలం కొట్టడం ఆగదన్న ఎరుకతోనే 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఈ నిషేధం చేరింది, అక్కడి నుంచి 1872 చట్టంలోకి వచ్చింది. కాబట్టి పత్రికల్లో వచ్చే ఆ "అంగీకరించారు" అన్న వాక్యానికి న్యాయస్థానంలో విలువ లేదు.

అయితే ఈ నిషేధానికి ఒక మినహాయింపు ఉంది. పోలీసు వ్యవహారంలో అధికభాగం దాని మీదే నడుస్తుంది. పాత చట్టంలో 27వ సెక్షను, కొత్త చట్టంలో 23వ సెక్షను చివర ఉన్న షరతు అది. అదుపులో ఉన్న ముద్దాయి చెప్పిన సమాచారం వల్ల ఏదైనా విషయం బయటపడితే, ఆ బయటపడిన దానికి స్పష్టంగా సంబంధించినంత మేరకు మాత్రమే ఆ మాటను రుజువు చేయవచ్చు. ఉదాహరణకు ఉద్దానంలో ఒక హత్య జరిగిందనుకుందాం. ముద్దాయి ఇలా చెప్పాడనుకుందాం: "వాణ్ని కత్తితో పొడిచి చంపాను, ఆ కత్తిని మా మేనమామ జీడితోటలో నేలబావి పక్కన రాళ్ల కింద దాచాను, వస్తే చూపిస్తాను." పోలీసులు అతని వెంట వెళ్లారు, రాళ్ల కింద కత్తి దొరికింది. ఈ వాక్యంలో కోర్టులో నిలిచేది "కత్తిని జీడితోటలో రాళ్ల కింద దాచాను, వస్తే చూపిస్తాను" అన్నంతవరకే. "పొడిచి చంపాను" అన్న ముక్క రాలిపోతుంది, ఎందుకంటే కత్తి దొరకడం వల్ల అది ఎక్కడుందో అతనికి తెలుసునన్న సంగతి రుజువైంది గాని, దానితో ఎవరిని ఏం చేశాడన్నది రుజువు కాలేదు.

ఈ గీత గీసింది కూడా తెలుగు నేల నుంచి వెళ్లిన కేసే. గుంటూరు ప్రాంతపు పులుకూరి కోటయ్య కేసులో, బ్రిటిషు కాలంలో మన కేసులకు చివరి అప్పీలు కోర్టుగా ఉన్న లండనులోని ప్రీవీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పును దేశంలోని ప్రతి సెషన్స్ కోర్టూ ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉంది. బయటపడిన "విషయం" అంటే వస్తువు మాత్రమే కాదు, ఆ వస్తువు ఏ చోటు నుంచి తీశారో ఆ చోటు, దాని గురించి ముద్దాయికి ఉన్న ఎరుక కూడా అందులో భాగమేనని ఆ తీర్పు తేల్చింది. అందువల్ల కత్తి దొరకడం ముగింపు కాదు, గొలుసులో ఒక లింకు మాత్రమే. దాని మీద ఉన్నది చనిపోయిన మనిషి రక్తమేనని ప్రయోగశాల చెప్పాలి. శవపరీక్ష చేసిన డాక్టరు, ఒంటి మీది గాయాలు అలాంటి కత్తితో అయ్యే గాయాలేనని చెప్పాలి. ఆ చోటు దారిన పోయే అందరికీ కనిపించేదైతే, లేదా పోలీసులకు అంతకుముందే తెలిసినదైతే, ఆ లింకు కూడా పలచబడిపోతుంది.

కత్తి దొరికిన ఘట్టాన్ని కాగితం మీద పెట్టేది పంచనామా. మన వైపు రికార్డుల్లో మధ్యవర్తుల నివేదిక అంటారు. నిజానికి ఈ వ్యాసం రాయాలనిపించిందే దాని గురించి చెప్పడానికి. సోదా చేసేటప్పుడు ఆ ప్రాంతానికి చెందిన, కేసుతో సంబంధం లేని, మర్యాదస్తులైన ఇద్దరు లేదా అంతకుమించి మనుషుల్ని సాక్షులుగా పిలవాలని చట్టం చెబుతుంది. ఊళ్లో వాళ్లు కోర్టు చుట్టూ తిరగడానికి భయపడి రారు గనుక, చాలాసార్లు గ్రామ రెవెన్యూ ఉద్యోగికి కబురు వస్తుంది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వానాకాలపు సాయంత్రం నాకూ అలాగే కబురు వచ్చింది. పొలం గట్టు తగాదాలో ఒక మనిషి చనిపోయిన కేసు. వెళ్లేసరికి ముద్దాయి వేలు చూపించిన తుప్పల్లోంచి కత్తి తీశారు, నా కళ్లముందే తీశారు, అందులో అబద్ధమేమీ లేదు. తర్వాత హెడ్ కానిస్టేబుల్ దాన్ని కాగితంలో చుట్టి, గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టి, లక్క ముక్కను కొవ్వొత్తి మంట మీద పట్టి ఆ కుట్టు మీద కార్చాడు. గాలికి కొవ్వొత్తి రెండుసార్లు ఆరిపోయింది. లక్క గట్టిపడకముందే ఇత్తడి ముద్ర నొక్కాడు. నేనూ, నాతో వచ్చిన మరొకాయనా ఒక చిన్న చీటీ మీద సంతకాలు చేశాం. చీకటి పడుతోంది, చివరి బస్సు పోతుందన్న తొందరలో ఉన్నాం, ముందే రాసి ఉంచిన నివేదిక మీద చూపించిన చోటల్లా సంతకం పెట్టి వచ్చేశాం. నేను దాన్ని చదవలేదు.

మూడేళ్ల తర్వాత నన్ను బోనులో నిలబెట్టి ముద్దాయి తరఫు న్యాయవాది అడిగిన మొదటి ప్రశ్న కత్తి గురించి కాదు. "ఏమండీ, మీరు సంతకం చేసిన చీటీ సంచి పైన అంటించారా, లోపల పెట్టారా?" అని అడిగారు. పైన అంటించారని చెప్పాను, అలాగే గుర్తు. కోర్టులో సంచి విప్పితే చీటీ కత్తి పిడికి దారంతో కట్టి లోపల ఉంది. సంచి పైన మరో చీటీ ఉంది గాని దాని మీద నా సంతకం లేదు. ఆ తర్వాత ప్రశ్న, నివేదికలో రాసిన వేళ గురించి. అందులో నాలుగు గంటలని ఉంది. నాలుగింటికి నేను మండల కార్యాలయంలో రిజిస్టరులో సంతకం చేసి ఉన్నాను. నేను చూసింది నిజమే అయినా, నేను సంతకం పెట్టిన కాగితం నిజం చెప్పడం లేదు. న్యాయమూర్తి ఆ స్వాధీనాన్ని నమ్మలేనని రాశారు, ముద్దాయి విడుదలయ్యాడు. అతను చంపాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. చనిపోయిన మనిషి తల్లి మాత్రం కోర్టు వరండాలో నన్ను చూసి ఏమీ అనకుండా తల తిప్పుకుంది.

కొత్త చట్టాల్లో నేను మనసారా ఆహ్వానించే మార్పు ఒకటుంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 105వ సెక్షను ప్రకారం సోదానూ, స్వాధీనాన్నీ, స్వాధీనమైన వస్తువుల జాబితా రాయడాన్నీ, సాక్షులు దాని మీద సంతకం చేయడాన్నీ వీడియో తీయాలి. సెల్‌ఫోనుతో తీసినా సరిపోతుంది. ఆ రికార్డును జాప్యం లేకుండా మేజిస్ట్రేటుకు పంపాలి. ఆ రోజు ఆ గట్టు మీద ఒక ఫోను ఉండి ఉంటే చీటీ ఎక్కడ పెట్టారన్న ప్రశ్న పుట్టేదే కాదు, చదవకుండా సంతకం పెట్టే ధైర్యం నాకూ ఉండేది కాదు.

సంచికి సీలు వేశాక అసలు ప్రయాణం మొదలవుతుంది. స్టేషను నుంచి కోర్టుకు, కోర్టు ద్వారా విశాఖపట్నంలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ ప్రయోగశాలకు, అక్కడి నుంచి మళ్లీ కోర్టుకు. ప్రతి మజిలీలో ఎవరు ఎప్పుడు ఇచ్చారు, ఎవరు ఎప్పుడు తీసుకున్నారు, సీలు చెక్కుచెదరకుండా ఉందా అన్నది రాసి ఉండాలి. నమూనా ముద్రతో సీలు సరిపోయిందని ప్రయోగశాల నివేదికలో ఒక వాక్యం ఉంటుంది. చదివేవాళ్లు దాన్ని దాటేసి ఫలితం దగ్గరికి పోతారు గాని, ఫలితానికి ప్రాణం పోసేది ఆ వాక్యమే.

రక్తం అంటిన బట్టల విషయంలో మన తీరప్రాంతపు వాతావరణమే ఒక శత్రువు. తడి బట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కడితే, ఉక్కకు బూజు పట్టి రక్తపు మరక కుళ్లిపోతుంది. నీడలో ఆరబెట్టి కాగితపు సంచిలో పెట్టాలి, ముద్దాయి బట్టలూ మృతుడి బట్టలూ ఒకదానికొకటి తగలకుండా వేర్వేరుగా కట్టాలి. ఈ చిన్న జాగ్రత్త తప్పితే, నెలల తర్వాత వచ్చే నివేదిక రక్తం ఉందని చెబుతుంది గాని ఏ గ్రూపో తేల్చలేకపోయామని ముగుస్తుంది. డీఎన్‌ఏ పరీక్ష దీనికన్నా ఎంతో బలమైనదే, కాని అది కూడా సంచిలో పెట్టిన దాన్నే పరీక్షిస్తుంది, సంచిలోకి అది ఎలా వచ్చిందో చెప్పలేదు. ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడగల నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులే సంఘటన స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని కొత్త సంహిత 176వ సెక్షను చెబుతోంది. దాన్ని అమల్లోకి తేవడానికి రాష్ట్రాలకు ఐదేళ్ల గడువు ఇచ్చింది. మారుమూల ఏజెన్సీ ఊరికి క్లూస్ టీము చేరేలోగా స్థలాన్ని కాపాడాల్సింది మాత్రం ఊరివాళ్లూ, మొదట చేరిన కానిస్టేబులే. మంచి మనసుతోనే శవం మీద గుడ్డ కప్పి, నెత్తురు కడిగి, ముగ్గు వేసినంత శుభ్రంగా వాకిలి తుడిచిన సందర్భాలు నాకు తెలుసు.

వస్తువుల కథ ఇలా ఉంటే మనుషుల మాటది వేరే కథ. దర్యాప్తులో పోలీసులు సాక్షుల వాంగ్మూలాలు రాసుకుంటారు. పాత నంబరుతో వాటిని అందరూ "161 స్టేట్‌మెంట్లు" అనే అంటారు, కొత్త సంహితలో ఇప్పుడది 180వ సెక్షను. వాటి మీద సాక్షి సంతకం తీసుకోకూడదు. ఆ వాంగ్మూలం తనంత తానుగా సాక్ష్యం కాదు. సాక్షి కోర్టుకు వచ్చి ప్రమాణం చేసి చెప్పిందే సాక్ష్యం, పోలీసు రాసుకున్నది ఆ మాటతో తేడాను చూపడానికి మాత్రమే పనికొస్తుంది. ఊళ్లో పెద్దమనుషుల ముందు రాజీ కుదిరి, లేదా భయపడి, సాక్షి బోనెక్కి "నేనేమీ చూడలేదు" అంటే ప్రాసిక్యూటరు అతన్ని హాస్టైల్‌గా, అంటే ఎదురుతిరిగిన సాక్షిగా, ప్రకటించమని అడుగుతారు. అంతటితో అతని మాటంతా చెరిగిపోయినట్టు కాదనీ, నమ్మదగిన భాగాన్ని కోర్టు తీసుకోవచ్చనీ సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. మేజిస్ట్రేటు ముందు ప్రమాణం చేయించి వాంగ్మూలం నమోదు చేయించడం దీనికి కొంత విరుగుడు. పదేళ్లు, అంతకుమించి శిక్ష పడగల కేసుల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి వాంగ్మూలాన్ని మేజిస్ట్రేటు నమోదు చేసి తీరాలని 183వ సెక్షనులో కొత్తగా చేర్చారు.

చనిపోయిన మనిషి మాట మాత్రం ప్రమాణం లేకుండానే, క్రాస్ ఎగ్జామినేషను లేకుండానే సాక్ష్యమవుతుంది. మరణ వాంగ్మూలం అనగానే ఆస్పత్రి మంచం, పక్కన మేజిస్ట్రేటు, డాక్టరు మన కళ్లకు కడతారు. కాని ఈ సూత్రాన్ని స్థిరపరచిన కేసులో మంచమూ లేదు, మరణ భయమూ లేదు. అందులో ఉన్నది మన ఊళ్ల మీదుగా వెళ్లే రైలు. 1937 మార్చిలో పిఠాపురం దివానుగారి దగ్గర నౌకరుగా ఉన్న కుర్రి నూకరాజు, తనకు రావలసిన బాకీ వసూలు చేసుకోవడానికి బరంపురం బయల్దేరాడు. రమ్మని ఉత్తరం వచ్చిందనీ, అందుకే వెళ్తున్నాననీ భార్యకు చెప్పాడు. విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు, పలాస, ఇచ్ఛాపురం దాటి పోయే దారి అది. మార్చి 23న పూరీ స్టేషనులో ఒక మూడో తరగతి పెట్టెలో దిక్కులేకుండా పడి ఉన్న ఇనుప ట్రంకులో అతని శవం ముక్కలుగా దొరికింది. దివానుగారి అల్లుడు, బరంపురంలో కాపురమున్న పాకాల నారాయణస్వామి మీద కేసు నడిచింది.

నూకరాజు భార్యతో అన్న మాటను కోర్టు తీసుకోవచ్చా అన్నది ప్రీవీ కౌన్సిల్ ముందుకు వెళ్లింది. ఆ మాట అన్నప్పుడు అతనికి చావు గురించి తలంపే లేదు. ఇంగ్లండు న్యాయం ప్రకారమైతే, చనిపోబోతున్నానని తెలిసిన మనిషి మాటకే ఆ విలువ. మన చట్టంలో అలాంటి షరతు లేదనీ, మరణానికి దారితీసిన వ్యవహారంలోని పరిస్థితులకు ఆ మాట సంబంధించినదైతే చాలుననీ, వెళ్తున్నాననీ ఫలానా మనిషి రమ్మన్నాడనీ చెప్పడం అలాంటిదేననీ లార్డ్ అట్కిన్ 1939 తీర్పులో రాశారు. అదే తీర్పులో, అరెస్టుకు ముందు ముద్దాయి స్వయంగా పోలీసులకిచ్చిన వాంగ్మూలాన్ని మాత్రం పక్కన పెట్టారు. దర్యాప్తులో పోలీసులకు ఎవరు చెప్పిన మాటకైనా, తర్వాత ముద్దాయిగా నిలబడిన వాడి మాటకైనా, పోలీసులు రాసుకున్న వాంగ్మూలం సాక్ష్యం కాదన్న నిషేధమే వర్తిస్తుందన్నారు. అది తీసేసినా మిగిలిన సాక్ష్యం సరిపోతుందని అప్పీలు కొట్టేశారు. ఇంటి గడప దగ్గర భార్యతో అన్న మాట నిలిచింది, పోలీసు అధికారితో అన్న మాట నిలవలేదు. మాట ఎవరితో, ఏ స్థితిలో అన్నది అన్నదాన్ని బట్టి దాని బరువు ఎంతగా మారుతుందో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇటీవలి కేసుల్లో ఎక్కువ భారం సెల్‌ఫోను మీద పడుతోంది. టవర్ లొకేషను దొరికిందంటే మనిషి ఆ ఇంట్లోనే ఉన్నట్టు రుజువైందని పొరబడతారు. టవరు చెప్పేది ఫోను తన పరిధిలో ఎక్కడో ఉందని మాత్రమే. శ్రీకాకుళం పట్టణంలో ఆ పరిధి చిన్నది కావచ్చు, టవర్లు దూరదూరంగా ఉండే కొండ ఊళ్లలో అది కొన్ని కిలోమీటర్లు ఉంటుంది. పైగా ఫోను ఉన్నంత మాత్రాన దాని యజమాని ఉన్నట్టు కాదు. కాల్ రికార్డుకైనా, దుకాణం ముందు సీసీ కెమెరా దృశ్యానికైనా ప్రతిని దాఖలు చేసినప్పుడు చట్టం కోరే ధ్రువీకరణ పత్రం జత కావాలి. అది లేకపోతే ఆ ప్రతిని చూడకూడదని 2014లో అన్వర్ కేసులోనూ, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులోనూ సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త సాక్ష్య అధినియమం 63వ సెక్షను ఆ పత్రాన్ని రెండు భాగాలు చేసి, ఒకటి ఇచ్చేవాళ్లు, ఒకటి నిపుణుడు సంతకం చేయాలనీ, ఫైలు హ్యాష్ విలువ అందులో రాయాలనీ అంటోంది. హ్యాష్ విలువ అంటే ఫైలుకు వేలిముద్ర వంటిది, ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. లక్క ముద్ర చేసే పనినే అది వేరే రూపంలో చేస్తుంది.

లై డిటెక్టరు, నార్కో పరీక్షల మీద జనానికి ఉన్నంత నమ్మకం చట్టానికి లేదు. మనిషి ఒప్పుకోకుండా వాటిని చేయకూడదని 2010లో సెల్వీ కేసులో తేలిపోయింది.

చూసిన సాక్షి లేని కేసుల్లో పరిస్థితుల గొలుసు ఎంత గట్టిగా ఉండాలో 1984లో శరద్ బిర్దీచంద్ శార్దా కేసు చెప్పింది. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి, అన్నీ కలిసి ముద్దాయి వైపే వేలు చూపాలి, మరో విధంగా జరిగి ఉండవచ్చన్న సబబైన ఊహకు చోటు మిగలకూడదు. రుజువై ఉండవచ్చు అనడానికీ, రుజువై తీరాలి అనడానికీ ఉన్న దూరాన్ని ఆ తీర్పు ప్రత్యేకంగా గుర్తుచేసింది. టీ దుకాణం దగ్గర మనం వాడేది మొదటి కొలత, కోర్టు వాడేది రెండోది.

కేసు వీగిపోయిందన్న వార్త వచ్చినప్పుడు చేయదగిన పని ఒకటుంది. జిల్లా కోర్టుల తీర్పులు ఈ-కోర్టుల వెబ్‌సైటులో కేసు నంబరుతో వెతికితే చాలావరకు చదవడానికి దొరుకుతాయి. తీర్పు చివరి పేజీ కాదు, మధ్య పేజీలు చదవాలి. ఎఫ్‌ఐఆర్ మేజిస్ట్రేటుకు చేరిన వేళ, మధ్యవర్తులు బోనులో చెప్పిన మాట, సీలు గురించి ప్రయోగశాల రాసిన వాక్యం, ధ్రువీకరణ పత్రం ఉందో లేదో, ఇవన్నీ పేరాలవారీగా అక్కడ ఉంటాయి, ఏ లింకు దగ్గర తెగిందో న్యాయమూర్తి రాసే ఉంటారు. నిర్దోషిగా విడిచిపెట్టిన తీర్పు మీద బాధితులు తమంతట తాము అప్పీలు చేసుకునే హక్కు 2009 చివరి నుంచి ఉంది, కొత్త సంహితలో అది 413వ సెక్షను. వరండాలో తల తిప్పుకున్న ఆ తల్లికి అప్పుడు ఆ హక్కు లేదు. ఉండి ఉంటే, నా సంతకమున్న కాగితాన్ని పై కోర్టు మళ్లీ ఒకసారి చదివేది.